పాత ఎం.ఎం. 540కి వెనక తలుపు కట్టించడం: ద్వారబంధం, బందులు, స్టెప్నీ బరువు

చంపావతి_తీరం (విజయనగరం)

సభ్యులందరికీ నమస్కారం. మా ఇంట్లో ఉన్న పాత మహీంద్రా ఎం.ఎం. 540 జీపుకు మునుపటి యజమాని కాన్వాసు తీయించి ఇనుప టాపు వేయించారు గాని, వెనక భాగాన్ని మాత్రం అలాగే వదిలేశారు. కింద గొలుసుల మీద వాలే పాత టెయిల్‌గేటు ఉంది, దాని పైన టాపు అంచు దాకా ఒక టార్పాలిన్ తెర వేలాడుతుంది. గజపతినగరం దగ్గరున్న మామిడితోటకు వెళ్లి వచ్చేసరికి వెనక సీట్ల మీద ఎర్రమట్టి పేరుకుంటోంది. వానాకాలంలో ఆ తెర ఉన్నా లేనట్టే.

టెయిల్‌గేటు, తెర రెండూ తీసేసి, నేల నుంచి టాపు దాకా ఒకే ఇనుప తలుపు, దాని పై సగంలో అద్దం పెట్టించాలని ఉంది. ద్వారం వెడల్పు 920 మి.మీ., ఎత్తు 1140 మి.మీ. వచ్చింది. మూల నుంచి మూలకు కొలిస్తే ఒక కర్ణం 1460, రెండవది 1469 ఉన్నాయి. స్టెప్నీ ఇప్పుడు లోపల సీట్ల మధ్య పడి ఉంటోంది కాబట్టి దానిని కొత్త తలుపు మీదకు ఎక్కించాలన్నది నా ఆలోచన. ఒంటి రెక్క మేలా, రెండు రెక్కలు మేలా? రేకు ఎంత మందం వాడాలి? మా వీధి చివర వెల్డింగు షాపాయన ఇళ్ల గేట్లు బాగా చేస్తాడు. ఆయనకు ఈ పని అప్పగించవచ్చునా? అనుభవం ఉన్నవారు వివరంగా చెప్పగలరు.

సాలూరు_బాడీషెడ్డు (సాలూరు)

బాబూ, మీ ప్రశ్నలన్నిటికంటే ముందు ఆ రెండు కర్ణాల మధ్యనున్న 9 మి.మీ. తేడా సంగతి చూడాలి. ద్వారం మూలమట్టానికి లేదని అది చెబుతోంది. ఎందుకు లేదో తెలుసుకోకుండా తలుపు కడితే, ఇవాళ ఆ వంకర ద్వారానికి సరిపోయిన తలుపు, రేపు బాడీ కింద రబ్బర్లు మార్చిన రోజున సరిపోదు. బండిని జాకీల మీద కాకుండా నాలుగు చక్రాల మీదే, చదునైన సిమెంటు నేల మీద నిలబెట్టి, టైర్లలో గాలి సమంగా ఉందో లేదో చూసి, మళ్లీ కొలవండి. ఛాసిస్‌కూ బాడీకీ మధ్యనున్న రబ్బరు దిమ్మలు ఒక పక్క నలిగిపోయి ఉండవచ్చు, లేదా వెనక మూలలో నేల రేకు తుప్పు తిని కుంగి ఉండవచ్చు. ఆ రెండింటిలో ఏది కారణమైనా ముందు దానిని సరిచేయించండి. అప్పటికీ 2, 3 మి.మీ. తేడా మిగిలితే ఫరవాలేదు, లారీ బాడీల్లో అంతకంటే ఎక్కువే చూస్తుంటాం.

రెండవ సంగతి ఇంతకంటే ముఖ్యమైనది. మీ బండిలో కింది తొట్టి వేరు, పైన వేసిన ఇనుప టాపు వేరు. టాపును తొట్టి అంచు మీద రబ్బరు పెట్టి బోల్టులతో బిగించి ఉంటారు. తలుపు పై బందును (తలుపు తిరిగే హింజిని) టాపు స్తంభానికీ, కింది బందును తొట్టికీ బిగిస్తే, గతుకుల్లో ఆ రెండు భాగాలూ ఒకదానితో ఒకటి సంబంధం లేకుండా కదులుతాయి. ఆ కదలికంతా బందుల సీలల మీద పడి, కొన్నాళ్లకు తలుపు కిందికి జారి గడియ పడడం మానేస్తుంది. అందుకని తలుపు మాట తరవాత, ముందు ద్వారబంధం కట్టించండి. 40 × 25 మి.మీ. గొట్టంతో నాలుగు పక్కలా ఒక పూర్తి చట్రం చేసి, దానిని తొట్టికి, వెనక అడ్డపట్టీకి గట్టిగా కలిపి, టాపుకు మాత్రం బోల్టులతో పట్టించాలి. రెండు బందులూ, గడియా అన్నీ ఆ ఒక్క చట్రం మీదే ఉంటే బాడీ ఎంత మెలితిరిగినా తలుపూ చట్రమూ కలిసి కదులుతాయి.

ఇళ్ల గేట్లు చేసేవారు చేయగలరా అని అడిగారు. గొట్టాల పని చేయగలరు. రేకు పని వేరు, దానికి టింకరింగు తెలిసిన మనిషి కావాలి.

నాగావళి_మిత్రుడు (శ్రీకాకుళం)

ఒంటి రెక్కా, రెండు రెక్కలా అన్న ప్రశ్నకు నా అభిప్రాయం చెబుతాను. 920 మి.మీ. వెడల్పు ద్వారానికి రెండు రెక్కలు పెడితే ఒక్కో రెక్క తేలికగా ఉండి బందుల మీద భారం తగ్గుతుంది, ఇరుకు సందులో కూడా తెరవవచ్చు. అయితే రెండు రెక్కలు కలిసే నడిమి అతుకు దగ్గర నిలువునా ఒక సందు వస్తుంది. దుమ్మూ నీరూ చొరబడేది అక్కడే, వెనక అద్దంలోంచి చూసేటప్పుడు డ్రైవరు కంటికి అడ్డం వచ్చేదీ ఆ నడిమి స్తంభమే. మీ బాధ ప్రధానంగా దుమ్ముతో కాబట్టి ఒంటి రెక్కే నయం.

బందులు కుడివైపు పెట్టించండి. మన దేశంలో బండిని రోడ్డుకు ఎడమ పక్కన ఆపుతాం. బందులు కుడివైపు ఉంటే తలుపు ఎడమ అంచు నుంచి తెరుచుకుంటుంది, సామాను దించే మనిషి రోడ్డు మధ్యకు పోకుండా కాలిబాట వైపు నుంచే చేయి పెట్టగలడు. షాపులో చెప్పకపోతే వారు తమ చేతివాటానికి ఏది సులువో అటు పెట్టేస్తారు.

ఉద్దానం_తోట (కవిటి ప్రాంతం)

నేను మాత్రం ఆ పాత టెయిల్‌గేటును తీసేయవద్దనే అంటాను. కింది సగం అలాగే వాలేటట్టు ఉంచి, పై సగానికి మాత్రం పైకి లేచే అద్దపు తలుపు చేయించి, దానిని ఎత్తి నిలిపే గ్యాసు స్ట్రట్లు రెండు పెట్టించుకోండి. పనసకాయలో, కొబ్బరికాయలో ఎక్కించేటప్పుడు వాల్చిన గేటు బల్లలా పనికొస్తుంది. తోటలో కూర్చొని అన్నం తినడానికీ అదే పీట. బండి పాత రూపు కూడా చెడదు, నచ్చకపోతే పై తలుపు విప్పేసుకోవచ్చు. స్టెప్నీకి చోటు ఉండదన్న మాట నిజమే, కాని స్టెప్నీని తలుపు మీద వేలాడదీయడం నాకు మొదటి నుంచీ ఇష్టం లేదు.

చంపావతి_తీరం

ఉద్దానం మిత్రులు చెప్పిన పద్ధతి బాగానే ఉంది గాని, గేటుకూ అద్దపు తలుపుకూ మధ్య అడ్డంగా వచ్చే అతుకు దగ్గర దుమ్ము ఆగుతుందా అన్నది నా అనుమానం. పైగా నా టెయిల్‌గేటు కింది అంచు ఇప్పటికే జల్లెడలా ఉంది, దానిని బాగుచేయడం కంటే కొత్తది చేయడమే తేలిక. ఒంటి రెక్కకే మొగ్గుతున్నాను, బందులు కుడివైపే. పాత గేటును పారేయకుండా అటక మీద పెడతాను.

సాలూరు వారు చెప్పినట్టు చూపిస్తే వెనక ఎడమ రబ్బరు దిమ్మ పూర్తిగా నలిగిపోయి ఉంది. నాలుగూ మార్పించాక కర్ణాల తేడా 3 మి.మీ.కు దిగింది. ఇక స్టెప్నీ సంగతి తేల్చండి.

లేత్_మాస్టారు (శ్రీకాకుళం)

స్టెప్నీ సంగతి లెక్క వేసుకుంటే దానంతటదే తేలుతుంది. ముందుగా తలుపు బరువు చూద్దాం. ఇనుప రేకు 1 మి.మీ. మందానికి చదరపు మీటరుకు 7.85 కిలోలు తూగుతుంది. మీ తలుపు వైశాల్యం దాదాపు 1.05 చ.మీ., అందులో అద్దానికి 0.3 తీసేస్తే, 1.2 మి.మీ. రేకుతో బయటి పొర 7 కిలోలు అవుతుంది. 25 × 25 × 1.6 మి.మీ. గొట్టం మీటరుకు సుమారు 1.18 కిలోలు, 6 మీటర్లకు మరో 7 కిలోలు. కింది సగానికి లోపలి పొర 4 కిలోలు, 5 మి.మీ. అద్దం 4 కిలోలకు కాస్త తక్కువ, లాకూ బందులూ రబ్బరూ కలిపి 3 కిలోలు. మొత్తం 25 కిలోలు. మీ స్టెప్నీని రిమ్ముతో సహా పాతసామాన్ల కొట్లో తూకం వేయించండి. లెక్కకు అది కూడా 25 కిలోలే అనుకుందాం.

తలుపు బరువంతా బందుల నుంచి 460 మి.మీ. దూరంలో, అంటే సరిగ్గా మధ్యన ఉన్నట్టు భావించవచ్చు. బందుల మధ్య దూరం 600 మి.మీ. అయితే పై బందును పక్కకు లాగే బలం, స్టెప్నీ లేకుండా 19 కిలోలు, స్టెప్నీతో 38 కిలోలు. అదే బందుల మధ్య దూరాన్ని 850కి పెంచితే 13.5, 27 కిలోలకు దిగుతుంది. ఇది బండి నిలబడి ఉన్నప్పటి మాట, చక్రం గోతిలో పడ్డప్పుడు ఈ బలం రెండు మూడు రెట్లవుతుంది. చక్రం తలుపు ముఖానికి బయటగా వేలాడడం వల్ల వచ్చే అదనపు మెలిని నేను ఇందులో కలపలేదు. కాబట్టి మొదటి సూత్రం, బందులు వీలైనంత దూరదూరంగా పెట్టించండి. రెండవది, స్టెప్నీని తలుపుకు కాకుండా ద్వారబంధానికీ ఛాసిస్‌కూ పట్టించిన వేరే చేయి మీద పెట్టించండి. తలుపు తెరవాలంటే ముందు ఆ చేయిని పక్కకు తిప్పాలి, అది కొంచెం విసుగే, అయినా తలుపు బతుకుతుంది.

బందుల విషయంలో ఇళ్ల గేట్లకు వాడే గుండు బందులు వద్దు. 16 మి.మీ. సీల, దానికి గన్‌మెటల్ బుష్ (సీల చుట్టూ ఉండే తొడుగు), గ్రీజు నిప్పిల్, కింద బరువు మోయడానికి ఒక వాషరు ఉండేలా లేతు మీద చేయించుకోవాలి. బుడితి దగ్గరే ఉంది కదా, ఇత్తడి అక్కడే పోయించుకుందామని ఒక కుర్రవాడు నన్ను అడిగాడు. బుడితి ఇత్తడి చెంబులకూ గంటలకూ పేరు, బుష్‌కు మాత్రం తగరం కలిసిన గన్‌మెటలే కావాలి. బిగించేటప్పుడు రెండు బందుల్లోంచీ ఒకే నిలువు కమ్మీని దూర్చి, అది ఉండగానే వెల్డింగు చుక్కలు పెట్టించండి. సీలలు రెండూ ఒకే గీత మీద లేకపోతే తలుపు తెరిచేటప్పుడు బిగుసుకొని, మూసేటప్పుడు తన్నుకొని, బుష్‌లను ఏటవాలుగా తినేస్తుంది.

సాలూరు_బాడీషెడ్డు

మాస్టారి లెక్కకు ఎదురు లేదు. అయితే వేరే చేయి చేయించే ఓపిక అందరికీ ఉండదు, సాలూరు నుంచి ఒడిశా వైపు ఘాటు ఎక్కే బండ్లలో తలుపు మీద స్టెప్నీతోనే ఏళ్ల తరబడి తిరుగుతున్నవి నేను చూశాను. అలా తిరిగేవాటిలో ఒక ఉపాయం ఉంటుంది. తలుపు మూసినప్పుడు దాని బరువును బందులూ గడియా మోయకూడదు, వేరే ఏదో మోయాలి. గడియ పక్కన తలుపు అంచుకు ఒక ఏటవాలు ముక్క, చట్రానికి దానికి సరిపోయే గాడి పెట్టి, తలుపు మూసుకుంటుంటే ఆ ముక్క గాడిలోకి ఎక్కి తలుపును 1 మి.మీ. పైకెత్తేలా అమర్చుతారు. షాపుల్లో దానిని డవ్‌టెయిల్ అంటారు. పాత కార్ల తలుపులకు కూడా ఇది ఉండేది. ఒకసారి మూశాక తలుపు అటూ ఇటూ కూడా ఊగదు, గడగడ చప్పుడు సగం పోతుంది.

స్టెప్నీ తలుపు మీదే అంటే మరో షరతు ఉంది. చక్రం పలకను బయటి రేకుకు బిగించకూడదు. బందు నుంచి బందుకు, అక్కడి నుంచి గడియ దాకా లోపల గొట్టాలు ఏటవాలుగా వేసి, ఆ గొట్టాల కూడలికే పలకను అతికించాలి. రేకు కేవలం కప్పు, అది బరువు మోయదు.

చంపావతి_తీరం

స్టెప్నీ తూగింది 27 కిలోలు. వేరే చేయే చేయిస్తాను, డవ్‌టెయిల్ కూడా పెట్టిస్తాను. వెల్డింగు గురించి ఎవరైనా చెప్పండి. మా షాపాయన దగ్గర ఆర్క్ (కడ్డీతో చేసే వెల్డింగు) మాత్రమే ఉంది, సీఓటూ వెల్డింగు (గ్యాసు వదులుతూ సన్నని తీగతో చేసేది) చేసేవారు బొబ్బిలి రోడ్డు వైపు ఉన్నారని విన్నాను.

వంశధార_గట్టు (శ్రీకాకుళం జిల్లా)

చట్రానికి ఆర్క్ చాలు, 2.5 మి.మీ. కడ్డీతో చేయించండి. రేకును మాత్రం సీఓటూ షాపుకే తీసుకువెళ్లండి. 1.2 మి.మీ. రేకు మీద ఆర్క్ పెడితే చిల్లులు పడతాయి, పడకపోయినా వేడికి రేకు అలలు తేలుతుంది, ఆ అలలను కప్పడానికి కిలోల కొద్దీ పుట్టీ మెత్తుతారు. రెండేళ్లకు ఆ పుట్టీ పెచ్చులుగా ఊడుతుంది. 0.8 మి.మీ. తీగతో సీఓటూ వెల్డింగైనా సరే గీతలా లాగనివ్వకండి. ఒక చుక్క ఇక్కడ, ఇంకొకటి ఎదుటి మూలలో, అది చల్లారాక మరొకటి అన్నట్టు తిప్పుతూ, చుక్కకూ చుక్కకూ మధ్య 40 మి.మీ. ఉంచి పోవాలి.

దీనికంటే మంచి పద్ధతి, బయటి రేకును తలుపు చట్రం కంటే నాలుగు పక్కలా 12 మి.మీ. పెద్దదిగా కత్తిరించి, ఆ అంచును చట్రం మీదకు మడిచి కొట్టడం. ఫ్యాక్టరీ తలుపులన్నీ ఇలాగే మడతతో ఉంటాయి. మడత లోపల పాలియురెథేన్ సీలెంటు పూసి మడిస్తే అంచుకు అక్కడక్కడ చుక్కలు చాలు, తలుపు ముఖం మీద వెల్డింగు మచ్చ ఒక్కటీ కనిపించదు. దీనికి రేకు మడత పెట్టే చేయి కావాలి, చెక్క సుత్తితో ఓపికగా మూడు విడతల్లో మడవాలి.

అన్నిటికంటే ముఖ్యమైన మాట ఒకటి. తలుపు చట్రాన్ని నేల మీద పెట్టి పూర్తిగా వెల్డింగు చేయించి తరవాత బండికి తగిలించవద్దు. నాలుగు మూలలూ చుక్కలు మాత్రమే పెట్టిన చట్రాన్ని ద్వారబంధంలో నిలబెట్టి, చుట్టూ 6 మి.మీ. కమ్మీ ముక్కలు సందులో దూర్చి, అక్కడే బందులు బిగించి, తెరిచి మూసి చూసి, అప్పుడు పూర్తి వెల్డింగు చేయించండి. బండి మీద వెల్డింగు చేసేటప్పుడు బ్యాటరీ తీగలు విప్పించడం, డీజిలు ట్యాంకు వైపు తడిపిన గోనెపట్టా కప్పించడం మరిచిపోకండి.

ఉద్దానం_తోట

పద్ధతి మీరు మార్చుకోలేదు కాబట్టి ఇక తుప్పు గురించి చెప్పి నా వంతు ముగిస్తాను. శ్రీకాకుళం జిల్లాకు దాదాపు 193 కిలోమీటర్ల సముద్రతీరం ఉంది. మా ఊరి వంటి చోట ఇనుము బయట పెడితే ఒక్క వానాకాలంలోనే రంగు మారుతుంది. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను పోయాక నెలల తరబడి మా బండ్ల కీళ్లలోంచి ఉప్పునీటి చారలు దిగుతూనే ఉన్నాయి. విజయనగరం తీరానికి కొంచెం ఎడంగా ఉన్నా గాలిలో తేమ తక్కువేమీ కాదు.

తలుపు లోపలికి నీరు రాకుండా ఆపగలమనుకోవద్దు. అద్దం రబ్బరు పక్క నుంచి అది వచ్చి తీరుతుంది, పోయే దారి చేయడమే మన పని. కింది గొట్టానికీ, కింది మడతకూ రెండు మూలల్లో, మధ్యలో 8 మి.మీ. రంధ్రాలు పెట్టించండి. పెయింటు వేసేవారు వాటిని పుట్టీతో పూడ్చేస్తారు, దగ్గరుండి చూసుకోండి. గొట్టాల లోపలికి రంగు చేరదు కాబట్టి చివర్లు మూసే ముందే జింకు కలిసిన ప్రైమరు పోసి తిప్పించి, పని అంతా అయ్యాక ఆ రంధ్రాల్లోంచే మైనం స్ప్రే కొట్టించండి. బయట రెడ్ ఆక్సైడు ఒక్కటే చాలదు, ఎపాక్సీ ప్రైమరు రెండు పూతలు కావాలి. జీఐ రేకు (జింకు పూత ఉన్నది) వాడితే తుప్పే రాదని కొందరు చెబుతారు. వెల్డింగు పెట్టిన చోట ఆ జింకు పూత కాలిపోతుంది, ఆ పొగ పీల్చిన మనిషికి రాత్రికి జ్వరం వస్తుంది. సీఆర్ రేకు (ఆ పూత లేని మామూలు కోల్డ్ రోల్డ్ రేకు) తీసుకొని ప్రైమరు మీద శ్రద్ధ పెట్టడం మేలు.

రాజాం_రోడ్డు (కొత్త సభ్యుడు)

మధ్యలో అడ్డుపడుతున్నందుకు క్షమించాలి. అద్దం బదులు యాక్రిలిక్ రేకు పెట్టించవచ్చునా? బరువు తగ్గుతుంది కదా.

నాగావళి_మిత్రుడు

వద్దండి. దుమ్ము మీద గుడ్డతో తుడిచిన ప్రతిసారీ గీతలు పడి కొన్నాళ్లకే మసకబారుతుంది, పైగా నిబంధనలు కోరేది సేఫ్టీ గ్లాసు. రెండు దారులున్నాయి. టఫెన్డ్ అద్దం (వేడి చేసి గట్టిపరచినది) కావాలంటే ముందుగా అట్టతో అచ్చు కత్తిరించి ఇచ్చి చేయించుకోవాలి, ఎందుకంటే ఒకసారి టఫెన్ చేసిన అద్దాన్ని ఒక్క మిల్లీమీటరు కూడా కోయలేం, రంధ్రం పెట్టలేం, పెడితే మొత్తం గుళికలుగా రాలిపోతుంది. లామినేటెడ్ అద్దాన్ని (మధ్యలో ప్లాస్టిక్ పొర ఉన్నది) మాత్రం కొలతకు కోయవచ్చు. మూలలు గుండ్రంగా, కనీసం 60 మి.మీ. వ్యాసార్ధంతో ఉంచండి. చదరపు మూల దగ్గర రబ్బరు ముడుచుకుపోయి అక్కడి నుంచే కారుతుంది. నల్ల ఫిల్ము జోలికి పోకండి, కేంద్ర మోటారు వాహనాల నియమావళి ప్రకారం వెనక అద్దంలోంచి 70 శాతం వెలుతురు రావాలి.

లేత్_మాస్టారు

లాకు గురించి ఎవరూ చెప్పలేదు. పాత అంబాసిడరు కారుదో, కమాండరు జీపుదో తలుపు లాకు పూర్తి సెట్టు, స్ట్రైకరుతో (లాకు పట్టుకునే, చట్రం వైపు ఉండే ముక్కతో) సహా పాతసామాన్లలో దొరికితే తెచ్చుకోండి. రెండు మెట్లలో పడే లాకు అయి ఉండాలి, మొదటి మెట్టు మీద ఆగినా తలుపు ఊడి తెరుచుకోకూడదు. లోపలి నుంచి కూడా తెరవగలిగే పిడి తప్పనిసరిగా పెట్టించండి. వెనక సీట్లలో పిల్లలు కూర్చుంటారు, బండి పక్కకు ఒరిగితే వారికి ఆ తలుపే దారి. తలుపు తెరిచినప్పుడు 90 డిగ్రీలు దాటి అక్కడే నిలిచేలా ఒక అడ్డుకమ్మీ కూడా ఉండాలి. వాలులో నిలిపిన బండి తలుపు దానంతటది మూసుకుంటే వేళ్లు మిగలవు.

బందులను ద్వారబంధానికి వెల్డింగు చేయించకండి. 8 మి.మీ. బోల్టులు, వెనక 5 మి.మీ. పలకలో మర కోసి, బందు పలకకు కొంచెం పొడవాటి రంధ్రాలు పెట్టించి బిగించండి. ఆ తరవాత సర్దుబాటుకు అదే ఆధారం.

వంశధార_గట్టు

తలుపు చుట్టూ సందు మూసే రబ్బరు బీడింగు గురించి ఒక మాట. నడుస్తున్న జీపు వెనక గాలి పీడనం తగ్గుతుంది, అందుకే చక్రాలు లేపిన దుమ్మూ, సైలెన్సరు పొగా వెనక్కి పోకుండా బండి లోపలికే లాగబడతాయి. ఇప్పటివరకు మీ సీట్ల మీద పేరుకున్న మట్టికి కారణం అదే. తలుపు వేశాక చిన్న సందు మిగిలినా పొగ అందులోంచే వస్తుంది, ఈసారి పోయే దారి కూడా ఉండదు. కాబట్టి సైలెన్సరు గొట్టం చివర బాడీ అంచు దాటి బయటకు, వీలైతే పక్కకు తిరిగి ఉండేలా చూసుకోండి. బీడింగు ఎండావానలను తట్టుకునే ఈపీడీఎం రబ్బరుది, లోపల ఇనుప పట్టీ ఉండి అంచును కరిచి పట్టుకునేది, పక్కన 12 మి.మీ. బోలు గొట్టం ఉన్నది తీసుకోండి. తలుపు మూసినప్పుడు ఆ బోలు మూడో వంతు నలగాలి, అంటే 8 మి.మీ.కు దిగాలి. అంతకంటే ఎక్కువ నలిగితే లాకు పడడానికి భుజంతో నెట్టవలసి వస్తుంది. బీడింగు అతుకు కింది భాగంలో కాకుండా పై భాగంలో, మూలకు దూరంగా రావాలి.

పాత_కాగితాలు (విజయనగరం)

పని మొదలుపెట్టే ముందే రవాణా కార్యాలయంలో మాట్లాడుకోవడం మంచిది. మోటారు వాహనాల చట్టం 1988, సెక్షను 52 ప్రకారం ఆర్‌సీలో రాసిన వివరాలు కంపెనీ నిర్దేశాలకు భిన్నమయ్యేలా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఇదే సంగతిని గట్టిగా చెప్పింది. మీ బండికి ఇనుప టాపు ఇప్పటికే ఉంది కాబట్టి ఆర్‌సీలో బాడీ రకం ఏమని రాసి ఉందో ముందుగా చూసుకోండి. పదిహేనేళ్లు దాటిన బండికి అయిదేళ్లకొకసారి రిజిస్ట్రేషను పొడిగించుకోవాలి, అప్పుడు తనిఖీకి తీసుకువెళ్లక తప్పదు. ఇప్పుడు తేల్చుకోని సంగతి ఆ రోజు అడ్డం వస్తుంది.

ఇంకొకటి, స్టెప్నీ చేయి ఎక్కడ పెట్టినా వెనక దీపాలనూ నంబరు పలకనూ కప్పకూడదు. రాత్రిపూట 15 మీటర్ల దూరం నుంచి నంబరు చదవగలిగేలా తెల్లని దీపం దాని మీద పడాలి. హై సెక్యూరిటీ నంబరు పలక అయితే దాని లాకు ఒకసారి తీస్తే మళ్లీ పనికిరాదు, మీ అంతట మీరు విప్పి కొత్త తలుపుకు బిగించకండి.

చంపావతి_తీరం

పని పూర్తయింది, ఆలస్యంగా రాస్తున్నందుకు మన్నించండి. ఆర్‌సీలో బాడీ రకం హార్డ్‌టాప్ అనే ఉంది. కార్యాలయంలో తలుపు సంగతి చెప్పి, వారు అడిగిన ఫొటోలతో దరఖాస్తు ఇచ్చాకే పని మొదలుపెట్టించాను. ద్వారబంధం, తలుపు చట్రం మా వీధి వెల్డింగు షాపులోనే, రేకు పని మాత్రం సీఓటూ షాపులో జరిగాయి. బందుల మధ్య దూరం 840 మి.మీ. వచ్చింది. మడత పని చేసిన పెద్దాయన చెక్క సుత్తి పట్టుకున్న తీరు చూస్తే నేను ఇన్నాళ్లూ కొత్త కార్ల తలుపుల అంచులను ఎందుకు గమనించలేదా అనిపించింది. లామినేటెడ్ అద్దం, అంబాసిడరు లాకు, స్టెప్నీకి వేరే చేయి. చేయిని పక్కకు తిప్పి తలుపు తీయడం ఇంట్లోవారికి ఇంకా అలవాటు కాలేదు, రోజూ నన్ను రెండు మాటలంటున్నారు.

తలుపు ఒక్క వేలితో కదులుతోంది. దుమ్ము దాదాపు ఆగింది. ఎడమ కింది మూలలో మాత్రం తోటకు వెళ్లి వచ్చిన ప్రతిసారీ ఒక అంగుళం వెడల్పున మట్టి గీత కనిపిస్తోంది. బీడింగు మార్చాలా?

సాలూరు_బాడీషెడ్డు

బీడింగు మార్చకండి. ఒక వార్తాపత్రిక కాగితం పట్టీగా చించి, బీడింగు మీద అడ్డంగా పెట్టి తలుపు మూసి, కాగితాన్ని లాగి చూడండి. చుట్టూ ఇలా చేస్తూ పోతే, కాగితం బిగువుగా వచ్చే చోట రబ్బరు పట్టినట్టు, జారి వచ్చే చోట పట్టనట్టు. ఎడమ కింది మూల ఒక్కటే వదులుగా ఉంటే తలుపు కింది అంచు బయటికి ఉన్నట్టు. స్ట్రైకరును ముందుకు జరిపితే ఆ మూల దగ్గరవుతుంది గాని, మీ లాకు తలుపు మధ్యలో ఉంటుంది కాబట్టి పై మూల మరీ బిగుస్తుంది. అలాంటప్పుడు కింది బందు పలక కింద సర్దుబాటుకు పెట్టిన పలుచని రేకు పొరలుంటే వాటిలో ఒకదాన్ని తీయండి, లేదా పై బందు కింద ఒకటి చేర్చండి. ముందు పై బందు దగ్గర 1 మి.మీ. పొర చేర్చి చూడండి. స్ట్రైకరును ముట్టుకోవద్దు.

లేత్_మాస్టారు

ఒక మాట చేరుస్తాను. పై బందు కింద పొర చేర్చితే పై కుడి అంచు బయటికి వస్తుంది, తలుపు రేకు గట్టిగా ఉంటే దాని ఎదుటి మూల, అంటే ఎడమ కింది మూల, లోపలికి పోతుంది. అందుకే సాలూరు వారు అలా చెప్పారు. పొర వేశాక డవ్‌టెయిల్ ముక్క గాడిలో ఇంకా సరిగా ఎక్కుతోందా అన్నది కూడా చూడండి, అర మిల్లీమీటరు తేడా వచ్చినా అది తన్నుతుంది.

చంపావతి_తీరం

పై బందు కింద 1 మి.మీ. రేకు ముక్క పెట్టించాక కాగితం నాలుగు మూలలా ఒకే బిగువుతో వస్తోంది. డవ్‌టెయిల్ గాడిని ఆకురాయితో కాస్త రాయవలసి వచ్చింది. నిన్న వానలో మెంటాడ దాకా వెళ్లి వచ్చాను, నేల పొడిగానే ఉంది, కింది రంధ్రాల్లోంచి మాత్రం నీరు కారింది. ఉద్దానం మిత్రులు చెప్పినట్టు అది అలాగే కారాలి. ఇక మిగిలింది మైనం స్ప్రే. విజయనగరంలో అది కొట్టే షాపు ఎక్కడుందో తెలిసినవారు ఇక్కడే రాయగలరు.

పాత_కాగితాలు

అండర్‌కోటింగు చేసే చోట అడగండి, చాలా మంది దగ్గర ఆ సన్నని గొట్టపు నాజిలు ఉంటుంది. తలుపు పూర్తిగా ఆరాకే తీసుకువెళ్లండి, తడి మీద మైనం కొడితే నీరు లోపలే ఉండిపోతుంది.